వదులు ఎక్కడ, బిగువు ఎక్కడ: చేతితో తీర్చిన 1911 పిస్తోలు విలువ

1911 మార్చి 29న అమెరికా సైన్యం తన అధికారిక చేతి తుపాకీగా స్వీకరించిన .45 కాలిబర్ కోల్ట్ పిస్తోలుకు ఉన్న ముఖ్య గుణాల్లో ఒకటి, దాని భాగాలను ఒక తుపాకీ నుంచి తీసి మరో తుపాకీలో బిగించినా అది పనిచేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని కోల్ట్ ఒక్కటే తయారు చేయలేదు. టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, వేట తుపాకులు చేసే ఇథాకా, కుట్టుమిషన్లు చేసే సింగర్ కూడా తయారు చేశాయి. వీటిలో ఒక ఫ్యాక్టరీ స్లైడు (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) మరో ఫ్యాక్టరీ ఫ్రేము (పట్టు ఉండే కింది భాగం) మీద ఇమిడిపోవాలన్నది సైన్యం పెట్టిన షరతు. అయితే ఈ పిస్తోలును ఇష్టపడి సేకరించే, కాల్చే అభిమానులు అన్నిటికంటే పైన నిలబెట్టేది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తుపాకీని: ఒక గన్‌స్మిత్, అంటే తుపాకీ పనివాడి చేతి కింద నెలల తరబడి నలిగి, ఏ భాగమూ మరే తుపాకీకీ సరిపోనంతగా తనకు తానే ప్రత్యేకమైపోయినదాన్ని. అందరికీ ఒకేలా ఉండేందుకు పుట్టిన వస్తువు ఒకే ఒక్కటిగా మారడంలో వీరికి కనిపించే విలువ ఏమిటో తెలియాలంటే, ముందు ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

దీన్ని రూపొందించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టినవాడు, తుపాకులు చేసేవాడి కొడుకు. ఆయన పద్ధతిలో తూటా వెళ్లే గొట్టమైన బ్యారెల్ పైభాగాన ఉన్న అడ్డ కట్లు స్లైడు లోపలి గాళ్లలో ఇమిడి, ఆ రెండూ ఒకదానితో ఒకటి లంకె పడి ఉంటాయి. తూటా పేలగానే రెండూ కలిసి కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత కింద ఉన్న చిన్న లింకు తిరగడంతో బ్యారెల్ వెనుక భాగం కిందికి వంగి లంకె విడిపోతుంది. స్లైడు ఒంటరిగా వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, తూటాను పేల్చే సుత్తి లాంటి హామర్‌ను ఎక్కుపెడుతుంది. స్ప్రింగు బలంతో తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను తోసుకుని బ్యారెల్‌ను మళ్లీ పైకెత్తి లంకె వేస్తుంది. ఇదంతా కన్ను పట్టుకోలేనంత వేగంగా జరిగిపోతుంది.

ఇందులో గురికి సంబంధించిన కీలకం ఒకటుంది. గురి చూసే సైట్లు స్లైడు మీద ఉంటాయి, తూటా వెళ్లేది బ్యారెల్ గుండా. కాబట్టి ప్రతి తూటా తర్వాతా బ్యారెల్ స్లైడులో సరిగ్గా పాత చోటికే తిరిగి వచ్చి కూర్చుంటేనే కన్ను చూసిన చోట తూటా పడుతుంది. వెంట్రుకవాసి అటూ ఇటూ కూర్చున్నా 50 గజాల దూరంలో ఆ తేడా అంగుళాల్లో తేలుతుంది. బ్యారెల్‌ను నిలిపి ఉంచే తావులు ప్రధానంగా మూడు: ముందు కొసను పట్టుకునే బుషింగ్, వెనుక కొస స్లైడును తాకే చోటు, కింది కాళ్లు ఫ్రేముకు అడ్డంగా దూరే స్లైడ్ స్టాప్ పిన్ను మీద ఆనే చోటు. చాలామంది కొత్త అభిమానులు తుపాకీని చేతిలోకి తీసుకోగానే స్లైడును ఫ్రేము మీద అటూ ఇటూ కదిపి చూస్తారు, చప్పుడు రాకపోతే గొప్ప పనితనమని తేల్చేస్తారు. ఆ బిగువుకు కొంత విలువ ఉన్న మాట నిజమే కానీ, గురిని నిర్ణయించడంలో దాని వాటా బ్యారెల్ అమరిక వాటా కంటే బాగా తక్కువ. స్లైడు కొద్దిగా కదులుతున్నా చక్కగా కాల్చే పిస్తోళ్లు ఉన్నాయి, బిర్రుగా ఉండి కూడా బ్యారెల్ సరిగా కూర్చోక తూటాలను చెదరగొట్టేవీ ఉన్నాయి.

సైన్యం ఆ తావుల్లో తెలిసే సందు వదిలింది. అందుకు కారణం పనితనం కొరత కాదు. బురద, ఇసుక, కాలిన మందు మసి లోపల చేరినా స్లైడు ఆగకూడదు. స్వీకరణకు ముందు 1911 మార్చిలో జరిగిన పరీక్షలో కోల్ట్ నమూనాతో 6,000 తూటాలు కాల్చారు. మధ్యలో కొంతసేపు చల్లారనిస్తూ, అప్పుడప్పుడు శుభ్రం చేస్తూ సాగిన ఆ పరీక్షలో కోల్ట్ పిస్తోలు ఒక్కసారి కూడా మొరాయించలేదని నమోదైంది. ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం గురి. సైనిక పిస్తోలు 25 గజాల దూరంలో నాలుగైదు అంగుళాల మేర తూటాలు పరచినా ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే దాన్ని ఉద్దేశించిన పనికి అది చాలు.

చాలదన్న వారు గురి పోటీల ఆటగాళ్లు. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి బుల్స్‌ఐ పోటీలో ఒంటి చేత్తో నిలబడి 50 గజాల దూరాన ఉన్న లక్ష్యాన్ని కాల్చాలి. 10 పాయింట్ల వలయం వ్యాసం 3.36 అంగుళాలు మాత్రమే, దాని లోపలి ఎక్స్ వలయం అందులో దాదాపు సగం. నాలుగైదు అంగుళాలు చెదరగొట్టే తుపాకీ 25 గజాలకే ఆ వలయాన్ని దాటేస్తుంది, ఇక 50 గజాల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ అవసరం నుంచే 1911 పిస్తోలును సవరించే విద్య పుట్టింది. కోల్ట్ తానే 1930ల మొదట్లో నేషనల్ మ్యాచ్ పేరుతో మెరుగైన నమూనా తెచ్చింది, 1957లో గోల్డ్ కప్ తెచ్చింది. 1956లో ఏర్పడిన అమెరికా సైన్యపు మార్క్స్‌మన్‌షిప్ యూనిట్‌లో తుపాకీ పనివారు పాత సైనిక పిస్తోళ్లనే తీసుకుని పోటీలకు తయారు చేయసాగారు. లూసియానాకు చెందిన జిమ్ క్లార్క్ సీనియర్ 1958లో జాతీయ పిస్తోలు విజేత. ఆయన తుపాకీ పనివాడు కూడా కావడంతో, గెలిచిన చేతే చేసిన పిస్తోలు కావాలని పోటీదారులు ఆయన దగ్గరికి వెళ్లారు.

ఆ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే అభిమానుల గౌరవం ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. కావలసినదానికంటే కొంచెం పెద్దగా, అంటే స్లైడులో పట్టనంతగా తయారైన బ్యారెల్‌ను గన్‌స్మిత్ తీసుకుంటాడు. ఒరుసుకోవలసిన ముఖాలకు పలుచగా రంగు పూసి, బిగించి, విప్పి చూస్తాడు. రంగు చెరిగిన చోట లోహం తగులుతోందని అర్థం. అక్కడ ఆకురాయితో ఒకటి రెండు గీతలు, మళ్లీ రంగు, మళ్లీ బిగింపు. ఒక్కోసారి తీసేది అంగుళంలో వెయ్యోవంతుకు కూడా లోపే. ఎక్కువ తీస్తే తిరిగి పెట్టడం కుదరదు, బ్యారెల్ మొత్తం వృథా అయినట్టే. రెండు కింది కాళ్లూ పిన్ను మీద సమానంగా ఆనాలి, పై కట్లు స్లైడు గాళ్లలో తగినంత లోతుకు వెళ్లాలి, బుషింగ్ బ్యారెల్‌ను బిగువుగా పట్టుకుంటూనే వెనుక కొస వంగేటప్పుడు దాన్ని నొక్కిపెట్టకూడదు. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి. ఒక చోట సరిచేస్తే మరో చోట లెక్క మారుతుంది. పాత రోజుల్లో స్లైడు, ఫ్రేముల మధ్య వదులు తగ్గించడానికి ఫ్రేము పట్టాలను సుత్తితో మెల్లగా తట్టి అణిచి, స్లైడు అంచులను నొక్కి దగ్గర చేసి, ఆ తర్వాత సన్నని రాపిడి పిండితో రెండింటినీ ఒకదాని మీద ఒకటి నడిపి నునుపు చేసేవారు. ఇప్పుడు ఆ భాగాలే పెద్దగా తయారై వస్తున్నందున సుత్తి పని తగ్గింది.

మంచి పనివాడిని సాధారణ పనివాడి నుంచి వేరు చేసేది ఎంత బిగించాడన్నది కాదు, ఎక్కడ ఆపాడన్నది. తూటా మ్యాగజైన్ నుంచి బ్యారెల్‌లోకి ఎక్కే దారిలో, తొడుగును పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ ఒత్తిడిలో, స్లైడు చివరి పావు అంగుళం ముందుకు వచ్చే చోట వదులు ఉండి తీరాలి. అంతా బిగించేసిన పిస్తోలు ప్రదర్శనలో అద్భుతంగా అనిపిస్తుంది, నూనె ఆరిన తర్వాత యాభయ్యో తూటాకు మొరాయిస్తుంది. సైన్యం వదిలిన సందును గౌరవించని సవరణ, నా దృష్టిలో, అలంకారమే.

ట్రిగ్గర్ దగ్గర ఈ పిస్తోలుకు పుట్టుకతో వచ్చిన వరం ఒకటి ఉంది. చాలా తుపాకుల్లో ట్రిగ్గర్ ఒక ఇరుసు మీద ఊగుతుంది. 1911లో అది ఫ్రేములోని గాడిలో తిన్నగా వెనక్కి జారుతుంది, ఎక్కుపెట్టిన హామర్‌ను పట్టి ఉంచే సియర్‌ను దాదాపు నేరుగా కదిలిస్తుంది. మధ్యలో కడ్డీలు, మలుపులు లేనందున వేలికి తెలిసే కదలిక అతి తక్కువ. సైనిక పిస్తోలులో 5 నుంచి 6.5 పౌండ్ల వరకు ఉండే లాగుడు బలం చక్కగా తీర్చిన తుపాకీలో 3.5 నుంచి 4 పౌండ్లకు దిగుతుంది. అయితే అభిమానులు మెచ్చుకునేది తేలికదనాన్ని కాదు. గరగర లేకుండా, జారకుండా, గాజు పుల్ల విరిగినట్టు ఒక్కసారిగా విడిచే తీరును వారు మెచ్చుకుంటారు. హామర్, సియర్ ఒకదాన్నొకటి పట్టుకునే అంచు చాలా చిన్నది. దాన్ని అనుభవం లేని చేతులు సానబెడితే స్లైడు మూసుకోగానే హామర్ దానితో పాటే కిందికి పడిపోవచ్చు, లేదా ట్రిగ్గర్ నొక్కకుండానే తుపాకీ పేలవచ్చు. అందుకే ఈ ఒక్క పని విషయంలో తెలిసినవారు ఎవరూ సొంత ప్రయోగాలను ప్రోత్సహించరు. శిక్షణ పొందిన, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కే వదిలేస్తారు. కాల్చే మైదానంలో పక్కన నిలబడేవారి ప్రాణం కూడా ఆ అంచు మీదే ఆధారపడి ఉంటుంది.

చేతికి ఇమిడే తీరు మరో పెద్ద అధ్యాయం. తొలి పిస్తోలులో స్లైడు వెనక్కి వచ్చినప్పుడు హామర్ కిందికి దిగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండను పట్టుకుని గిల్లేది. కండ ఎక్కువగా ఉన్న చేతులకు రక్తం వచ్చేది. 1920ల మధ్యలో వచ్చిన, 1911ఏ1 అనే రూపానికి దారితీసిన సవరణల్లో వెనుక తోకను పొడిగించారు, ట్రిగ్గర్‌ను పొట్టి చేశారు, ట్రిగ్గర్ వెనుక ఫ్రేముకు వేలు పట్టేలా నొక్కు పెట్టారు. అది కూడా చాలని వారి కోసం తర్వాతి తరం గన్‌స్మిత్‌లు బీవర్‌టెయిల్ అనే వెడల్పాటి, పైకి తిరిగిన తోకను అమర్చారు. దానివల్ల గిల్లడం ఆగిపోవడమే కాదు, చేయి బ్యారెల్‌కు మరింత దగ్గరగా, పైకి చేరడంతో కాల్చినప్పుడు మూతి ఎగిరిపడటం కూడా తగ్గింది. దీన్ని అమర్చాలంటే ఫ్రేము చెవులను గుండ్రంగా తిరగదోమాలి. నిపుణుడి పనిలో తోకకూ ఫ్రేముకూ మధ్య గీత ఎక్కడా వెడల్పు మారకుండా సాగుతుంది. చేయి బిగించి పట్టుకుంటేనే పేలనిచ్చే సేఫ్టీ కూడా అయిన ఆ తోకను నొక్కి వదిలినప్పుడు కూడా ఆ వంపు చెదరదు. ఇలా చేత్తో తీర్చిన కస్టమ్ పిస్తోలును చేతికిస్తే తెలిసినవాళ్ల కన్ను ముందుగా వెళ్లేది అక్కడికే.

తర్వాత వెళ్లేది పట్టు ముందు భాగానికి, వేళ్లు చుట్టుకునే చోటికి. అక్కడ ఉక్కులో గళ్లు చెక్కుతారు. అడ్డంగా, నిలువుగా గీతలు కోయగా మిగిలేవి చిన్న చిన్న పిరమిడ్లు. అంగుళానికి 20 గీతలైతే చెమట పట్టిన చేయి కూడా జారదు, ఎక్కువసేపు కాలిస్తే అరచేయి మండుతుంది. 30 గీతలైతే చూడటానికి పట్టువస్త్రంలా ఉంటుంది, పట్టు కొంచెం మెత్తబడుతుంది. మధ్యస్థంగా 25 గీతలు కోరుకునేవారూ ఉన్నారు. చేత్తో చేసేటప్పుడు పనివాడు వరుస పళ్లున్న ఆకురాయితో మొదటి గీతలు వేసి, వాటినే ఆధారంగా పెట్టుకుని పక్క వరుసలకు జరుగుతాడు. ఉపరితలం గుండ్రంగా ఉండటం వల్ల ఆకురాయి పక్కకు పారిపోవాలని చూస్తుంది. ఒక గీత తప్పితే ఆ తప్పు మిగతా వరుసలన్నిటికీ పాకుతుంది. అక్కడ లోహం పలుచగా ఉంటుంది కాబట్టి తప్పును చెరిపి మళ్లీ మొదలుపెట్టే అవకాశమూ ఉండదు. పిస్తోలును పక్కవాటు వెలుతురులో మెల్లగా తిప్పితే పిరమిడ్ల కొసలన్నీ ఒకే ఎత్తులో మెరుస్తున్నాయో లేదో, చివరి వరుస ట్రిగ్గర్ గార్డు కింద సగం గడి మిగలకుండా ముగిసిందో లేదో తెలిసిపోతుంది. ఇప్పుడు కంప్యూటర్ నడిపే యంత్రాలు ఇదే పనిని దోషం లేకుండా చేస్తున్నాయి. వేళ్లకు తేడా తెలియదు. అయినా చేతి పనికి ఎక్కువ ధర పలకడం సహేతుకమేనని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ కొనేవారు చెల్లించేది పట్టు కోసం మాత్రమే కాదు, తప్పడానికి ఆస్కారం ఉండి కూడా తప్పని చేతి కోసం.

1950ల చివర నుంచి ఈ విద్య మరో దారి పట్టింది. కాలిఫోర్నియాలో పిస్తోలు శిక్షకుడు జెఫ్ కూపర్ చుట్టూ చేరిన కొందరు ఒంటి చేత్తో నిదానంగా కాల్చే పద్ధతిని పక్కనపెట్టి, రెండు చేతులతో, ఒర నుంచి తీసి, వేగంగా కాల్చే పోటీలు మొదలుపెట్టారు. 1976లో మిస్సోరీలోని కొలంబియాలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఏర్పడింది, కూపర్ దాని తొలి అధ్యక్షుడు. అదే ఏడాది ఆయన ఆరిజోనాలో గన్‌సైట్ శిక్షణ కేంద్రాన్ని స్థాపించాడు. ఇక్కడ అవసరాలు వేరు. సైట్లు తక్షణం కంటికి కనబడాలి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట బొటనవేలికి అందాలి, మ్యాగజైన్ చూడకుండానే లోపలికి వెళ్లాలి, పదునైన అంచులు చేతిని కోయకూడదు, అన్నిటికీ మించి తుపాకీ ఆగకూడదు. కాలిఫోర్నియా గన్‌స్మిత్ ఆర్మండ్ స్వెన్సన్ ఈ అవసరాలకు ఒక రూపం ఇచ్చాడు. రెండు వైపులా ఉండే సేఫ్టీ, నలుచదరంగా తీర్చిన ట్రిగ్గర్ గార్డు, నిర్దుష్టమైన గళ్లు ఆయన పిస్తోళ్ల ఆనవాళ్లు. ఈనాడు కస్టమ్ 1911 అనగానే మనసులో మెదిలే ఆకారంలో సగం ఆ తరం బల్లల మీద తయారైందే. 1977లో ఆర్కన్సాలోని బెరీవిల్‌లో బిల్ విల్సన్ మొదలుపెట్టిన విల్సన్ కంబాట్ ఆ ఆకారాన్ని ఒక పరిశ్రమగా పెంచింది.

సైన్యం 1985లో ఈ పిస్తోలును పక్కనపెట్టి 9 మి.మీ. బెరెట్టాను స్వీకరించింది. అయితే అదే దశకంలో అమెరికా మెరైన్ దళం తన ప్రత్యేక బృందాల కోసం గిడ్డంగుల్లోని పాత 1911ఏ1 ఫ్రేములను బయటికి తీసి, క్వాంటికోలోని తన పనివారి చేత కొత్త బ్యారెళ్లు, సైట్లు, బీవర్‌టెయిళ్లతో ఒక్కొక్కటిగా చేత్తో కట్టించింది. ఏ మార్పిడి గుణాన్ని సైన్యం ఈ తుపాకీకి షరతుగా పెట్టిందో, దాన్ని సైనికులే వదులుకుని చేతి అమరిక వైపు రావడం అభిమానుల వాదానికి దొరికిన అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

వేగపు పోటీలు 1980ల నుంచి ఇంకా ముందుకు వెళ్లి, 1929 నాటి .38 సూపర్ తూటాకు మళ్లీ ప్రాణం పోసి, మూతి ఎగిరిపడటాన్ని తగ్గించే కాంపెన్సేటర్లు, పైన ఎలక్ట్రానిక్ గురి పరికరాలు తగిలించాయి. వాటి శక్తి గురించి సందేహం లేదు కానీ, అవి పాత పిస్తోలు గీతలను దాటి వేరే జాతిగా మారాయి. ఆ జాతి కథ ఇక్కడ అవసరం లేదు.

బ్రౌనింగ్ హై పవర్ మాత్రం తప్పక చెప్పుకోవాలి. బ్రౌనింగ్ మొదలుపెట్టి, 1926లో బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారంలోనే కన్నుమూయగా, ద్యుడొనే సైవ్ పూర్తిచేసి 1935లో బయటికి తెచ్చిన ఈ 9 మి.మీ. పిస్తోలు మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. చేతిలో ఇది 1911 కంటే సహజంగా ఇముడుతుందని చెప్పేవారు తక్కువ కాదు. అయితే ట్రిగ్గర్ విషయంలో దీని తలరాత వేరు. వేలి ఒత్తిడి స్లైడులో ఉన్న మీట గుండా తిరిగి సియర్‌ను చేరుతుంది, పైగా మ్యాగజైన్ లేనప్పుడు పేలకుండా ఆపే అమరిక మ్యాగజైన్ ముఖాన్ని ఒరుసుకుంటూ గరగరలాడుతుంది. కాబట్టి ఒక మంచి హై పవర్‌ను తీర్చడం 1911ను తీర్చడం కంటే చాలా విషయాల్లో కష్టం. విడిభాగాలు చేసేవారూ తక్కువే. చక్కటి కస్టమ్ హై పవర్ కనబడితే అభిమానులు కాసేపు మౌనంగా తిప్పి తిప్పి చూసేది ఇందుకే.

ఇక అన్నిటికంటే చిక్కైన ప్రశ్న: పాత తుపాకీని ఇలా కోయవచ్చా? చారిత్రక సేకరణదారుల లెక్కలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పూత, గుర్తులు, భాగాలే విలువ. సింగర్ చేసినవి 500 పిస్తోళ్లే కాబట్టి అందులో ఒకదానికి కొత్త సైట్లు పెట్టడానికి గాళ్లు కోస్తే అది తిరిగిరాని నష్టం. ఒకప్పుడు మిగులు సైనిక పిస్తోళ్లు పౌరులకు చవకగా దొరికిన కాలంలో వేలాదిగా పోటీ తుపాకులుగా మారిపోయాయి, అప్పట్లో వాటిని చరిత్రగా ఎవరూ చూడలేదు. వాటిలో అరుదైన గుర్తులున్నవి ఎన్నో ఆకురాయి కింద అరిగిపోయాయి. ఇవాళ మనస్సాక్షి ఉన్న గన్‌స్మిత్‌లు చెడని పాత సైనిక పిస్తోలును తెచ్చిన గ్రాహకుడికి దాన్ని అలాగే ఉంచుకోమని చెప్పి, కొత్త ఫ్రేము మీద పని మొదలుపెడతారు. నేను ఈ పద్ధతినే పూర్తిగా సమర్థిస్తాను. ముందే పూత మారిపోయి, భాగాలు కలగాపులగమైన తుపాకీ విషయం వేరు. దానికి పోగొట్టుకోవడానికి చరిత్ర మిగల్లేదు, మంచి చేతిలో పడితే అది కొత్త జన్మే ఎత్తుతుంది.

కాలం ఈ తగవుకు మరో మలుపు ఇచ్చింది. 1960, 70లలో స్వెన్సన్, క్లార్క్ వంటివారు చేసిన పిస్తోళ్లు ఇప్పుడు స్వయంగా చారిత్రక వస్తువులయ్యాయి. వాటికి కొత్త సైట్లు పెట్టడం, ఆనాటి హార్డ్ క్రోమ్ పూతను తీసి మళ్లీ నీలి బ్లూయింగ్ వేయడం, ఒకనాడు అసలు కోల్ట్‌ను కోయడం ఎలాంటిదో ఇవాళ అలాంటిదే. వీటిని అంచనా వేసేవారు క్రమసంఖ్యను మాత్రమే చూసి ఊరుకోరు. పనివాడి ముద్ర ఎక్కడ ఉంది, అతని ఆర్డరు ఉత్తరమో రసీదో తుపాకీతో వచ్చిందా, గళ్ల తీరు అతని ఇతర పనులతో పోలుతుందా, బ్యారెల్ మీద రాపిడి గుర్తులు అతను అమర్చిన చోట్లలోనే ఉన్నాయా, ఆ తర్వాత మరెవరైనా చేయి పెట్టారా అని వెతుకుతారు. కాగితం లేకుండా ఫలానావారి పని అని అమ్మే పిస్తోలుకు, ఎంత అందంగా ఉన్నా, పేరు ధర ఇవ్వరు. పని ధర మాత్రమే ఇస్తారు.